నాలుగు సిమ్ముల పెట్టె

రిటైర్మెంట్ సభ అది. భోజనాలకి ఇంకా టైముంది. వేదిక మీదివాళ్ళు ఒకరిని మించి ఒకరు సాగదీస్తున్నారు, వెనక వరసల్లో సగం మంది కునికిపాట్లు పడుతున్నారు. ఏసీ చల్లగా ఉంది. బయట వాన మబ్బు కమ్ముకుంది. అంతకంటే మామూలు మధ్యాహ్నం ఇంకోటి ఉండదు.

హాల్లో ఓ మూల, కెమెరా పక్కన, లైవ్ ఆవిడ నిలబడి ఉంది.

అందరూ ఆమెని అలాగే పిలుస్తారు. పెళ్ళి కానీ, సభ కానీ, ఆఖరి చూపు కానీ, రాలేనివాళ్ళు ఎక్కడో కూర్చుని ఫోన్లో చూసేలా పంపించడం ఆమె పని. ఒకప్పుడు మొగుడూ పెళ్ళాలిద్దరూ కలిసి చేసేవారు. ఆయన కెమెరా పట్టుకుంటే ఆమె ల్యాప్‌టాప్ ముందు కూర్చునేది. ఆయన పోయాక రెండు పనులూ ఆమె నెత్తినే పడ్డాయి. చేస్తోంది. చేయక ఏం చేస్తుంది పాపం, ఇంట్లో ఆరేళ్ళ పిల్ల, వయసు మళ్ళిన అత్తగారు.

ఈ పనిలో బొమ్మ తీయడం గొప్ప కాదు, పంపడం గొప్ప. ఫంక్షన్ హాల్లో వైఫై అంటూ ఒకటి ఉంటుంది, పేరుకి. వచ్చినవాళ్ళంతా ఫోన్లు తీశారంటే అది కాస్తా నీరసపడిపోతుంది. ఏదో ఒక్క సిమ్మునే నమ్ముకున్నామా, సరిగ్గా కేకు కోసే చోటే బొమ్మ బిగుసుకుపోతుంది. తర్వాత ఆ చుట్టాల తిట్లు ఎవరు తింటారు?

అందుకే పెట్టె. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. అందులో నాలుగు సిమ్ములు. వెళ్ళాల్సిన బొమ్మని అది ముక్కలు ముక్కలుగా కోసి, కొన్ని ముక్కలు ఈ సిమ్ములోంచి, కొన్ని ఆ సిమ్ములోంచి పంపేస్తుంది. అవతలికి చేరాక అన్నీ అతుక్కుని మళ్ళీ ఒకటే బొమ్మ అవుతుంది. నాలుగు బక్క కనెక్షన్లు కలిస్తే ఒక బలమైన కనెక్షన్. ఎవరైనా అడిగితే ఆయన చేతులు తిప్పుతూ చెప్పేవాడు. "సందు ఇరుకు. అందరం అందులోనే దూరితే ఎవరం కదల్లేం. నువ్వా సందులోంచి రా, నేనీ సందులోంచి వస్తా, ఇంటి దగ్గర కలుద్దాం. ఇంతేనండీ దీని గొప్ప!"

ఆ నాలుగు సిమ్ముల మూతల మీద నాలుగు స్టిక్కర్లు కూడా ఆయనే అంటించాడు. నాన్న, అమ్మ, నాన్నమ్మ, పిట్ట. పిట్ట అంటే వాళ్ళ పిల్ల. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేదని ఆ ముద్దు పేరు. ఏ సభలో పెట్టె తెరిచినా "మా ఇల్లంతా పనిలోకి దిగిందోయ్" అని నవ్వేవాడు. ఎడమచేతి వాటం మనిషి. పని అయ్యాక వైర్లు మోచేతికి ఎదురు దిక్కున చుట్టేవాడు, మర్నాడు ఆమె విప్పబోతే అన్నీ మెలికలు పడేవి. దానికోసం ఇద్దరూ ఎన్నిసార్లు పోట్లాడుకున్నారో.

ఆయనకి ఇంకో అలవాటు ఉండేది. సభ ముగిశాక ఇంటికి వేరే లింకు తెరిచి, కెమెరాని వ్యాన్లో స్టీరింగ్ పక్కన బిగించి, దారి పొడుగునా పిట్టకి కనిపించేవాడు. పిట్ట ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుని, నాన్న వచ్చేదాకా అన్నం ముట్టేది కాదు. ఆ రోజు పిల్లకి జ్వరం. ఆమె ఇంట్లోనే ఉండిపోయింది. వానలో ఆయనొక్కడే వెళ్ళాడు. తిరిగొస్తూ, తడిసిన చొక్కాతో నవ్వుతూ "వచ్చేస్తున్నానే పిట్టా, ఇంకొక్క..." అన్నాడు.

బొమ్మ ఆగిపోయింది. ఆయన నోరు సగం తెరుచుకునే ఉంది. ఆ నోటి మీదే గుండ్రటి చక్రం తిరగడం మొదలెట్టింది. పిట్ట నిద్రపోయేదాకా అది అలా తిరుగుతూనే ఉంది.

వ్యాన్ కాలవలో దొరికింది. పెట్టె సీటు కింద ఇరుక్కుని చెక్కుచెదరకుండా ఉంది. ఆయన దొరకడానికి తెల్లారింది.

పిల్లకి చెప్పారు. రకరకాలుగా చెప్పారు. అది బుద్ధిగా విని, పెద్దవాళ్ళకి తెలియనిదేదో చెబుతున్నట్టు అంది. "చచ్చిపోలేదు నాన్నమ్మా. ఆగిపోయాడు. సిగ్నల్ లేదంతే. ఇంకో సిమ్ము పెడితే వచ్చేస్తాడు."

నాన్నమ్మ గోడవైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇక ఆ పెట్టెలో ఆయన సిమ్ము సంగతి. ఆమె దానికి రీచార్జి చేయలేదు, అలాగని తీయనూ లేదు. తీయాలంటే 'నాన్న' అన్న స్టిక్కరు మీద గోరు పెట్టి చింపాలి. ఆ పనికి చెయ్యి రాలేదు. కొన్నాళ్ళకి కంపెనీవాళ్ళే నంబరు తీసేశారు. పెట్టె మీది లైట్లలో మూడు పచ్చగా, మొదటిది ఎర్రగా మిగిలిపోయాయి. మిగతా మూడింటితోనే ఆమె ఎలాగో నెట్టుకొస్తోంది.

ఆ రిటైర్మెంట్ సభలో, రిటైరవుతున్న పెద్దాయన మాట్లాడడానికి లేచి గొంతు సవరించుకున్నప్పుడు, ఆ మొదటి లైటు పచ్చగా వెలిగింది.

ఆమె పెట్టెని తట్టి చూసింది. పచ్చగానే ఉంది. ల్యాప్‌టాప్‌లో చూస్తే బొమ్మలో సగం పైగా ఆ సిమ్ములోంచే వెళుతోంది. నంబరే లేని సిమ్ములోంచి! కంపెనీవాళ్ళ తిక్క అనుకుంది. అదే సమయంలో ముక్కుకి ఏదో వాసన తగిలింది. నాచు వాసన. ఏసీ గొట్టాల్లో నీళ్ళు నిలిచి ఉంటాయనుకుంది. మనం మాత్రం ఏమనుకుంటాం, అంతే కదా.

సభ అయిపోతుండగా ఫోన్ మోగింది. పెద్దాయన చెల్లెలు, దూరాన్నుంచి చూస్తున్నావిడ.

"ఎంత బాగా వచ్చిందమ్మా! అన్నయ్య కళ్ళలో నీళ్ళు కూడా కనిపించాయి. ఒక్కటే చెప్పాలనిపించింది, ఏమీ అనుకోకు. మైకు స్టాండు దగ్గర ఆ తడిచొక్కా అబ్బాయి మీ మనిషేనా? మొదటి నుంచీ నిలబడే ఉన్నాడు. కాస్త కుర్చీ వెయ్యకపోయారా?"

ఆమె మైకు స్టాండు వైపు చూసింది. అక్కడెవరూ లేరు. వైరు మాత్రం కింద పడి ఉంది.

ఇంటికెళ్ళాక కెమెరాలో మిగిలిన రికార్డింగ్ చూసింది. మైకు, వేదిక, పెద్దాయన. అంతే. తర్వాత అవతలికి చేరిన కాపీ తెరిచింది, అతుక్కున్నాక అందరూ చూసినదన్నమాట.

ఉన్నాడు.

మైకు స్టాండు పక్కన, చొక్కా ఒంటికి అంటుకుపోయి, జుట్టులోంచి నీళ్ళు కారుతూ... వంగి వైరు చుట్టుకుంటున్నాడు. ఎదురు దిక్కున. ఎడమచేత్తో.

ఎవరైనా కెవ్వుమంటారు. ఆమె అనలేదు. తెర మీద వేలు పెట్టి, ఆ తడి జుట్టుని తుడుస్తున్నట్టు రాస్తూ కూర్చుంది. ఏడుస్తోంది, నవ్వుతోంది. "చలెయ్యడం లేదూ?" అని అడిగింది. ఎంత కరువులో ఉందో చూడండి, అలాగైనా కనిపించాడు చాలు అనుకుంది.

ఆ తర్వాత ప్రతి లైవ్‌లోనూ వచ్చాడు. సభ జరిగే చోట ఆమె కంటికి కనిపించడు. పంపేవాళ్ళకి కాదు, అందుకునేవాళ్ళకే కనిపిస్తాడు. పని చేసినంతసేపూ తన వెనకో పక్కనో ఉన్నాడని తెలుసు, తిరిగితే ఖాళీ. ఇంటికొచ్చి కాపీ చూసుకునేది. తలుపేసుకునే చూసేది గానీ, పిల్లల కళ్ళు కప్పడం ఎవరి తరం?

"నాన్నకి సిగ్నల్ వచ్చింది!" పిట్ట తలుపు సందులోంచి చూసి గంతులేసింది. "నేను చెప్పలేదూ? ఇంట్లో కెమెరా పెట్టమ్మా. ఇంటికి రమ్మందాం."

అత్తగారు ఆ రాత్రే కోడల్ని వంటింట్లో పట్టుకుంది. "వాడు నా కడుపున పుట్టాడు, నాకు మాత్రం చూడాలని ఉండదా? కానీ వద్దమ్మా. పోయినవాణ్ణి ఇంట్లోకి పిలవకు. అందులోనూ చిన్నపిల్ల ఉన్న ఇంట్లోకి."

"నాలుగు నిమిషాలు చూసి ఆపేస్తా అత్తయ్యా. పిల్ల అన్నం తినడం లేదు."

పిల్లని వంక పెట్టింది గానీ, అడిగింది ఆమె మనసే.

ఆదివారం మధ్యాహ్నం కుదిరింది. బయట చినుకులు. ముందు గదిలో చాప పరిచి, పిట్టకి రంగు పెన్సిళ్ళు ఇచ్చి కూర్చోబెట్టింది. ఎదురుగా కెమెరా, టీవీ బల్ల మీద పెట్టె. చూసే ట్యాబ్‌ని అదే గదిలో పెడితే మైకులో కీచుమని రొద వస్తుంది. అందుకని అది పట్టుకుని పడగ్గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

తెర మీద పిట్ట బొమ్మ వేసుకుంటోంది. నాలుక కొంచెం బయటపెట్టి, శ్రద్ధగా. చాలాసేపు ఏమీ లేదు. చినుకుల చప్పుడు, పెన్సిలు గీరుతున్న చప్పుడు.

తర్వాత నాచు వాసన వచ్చింది.

వీధి తలుపు వైపు నుంచి వచ్చాడు. అలవాటుగా గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకున్నాడు. మెల్లగా చాప దగ్గరికి నడిచాడు. పిట్ట తలెత్తింది. నవ్వింది... ఏడాదిగా అలా నవ్వలేదు. ఆయన వంగి చెయ్యి చాపాడు. పిట్ట పెన్సిలు పడేసి, లేచి, ఆ చెయ్యి పట్టుకుంది.

ఇద్దరూ తలుపు వైపు నడిచారు.

బొమ్మ అంచు దాటారు.

చాప ఖాళీ.

ఇదంతా ఆమె ముద్దుగా చూస్తోంది, కళ్ళు తుడుచుకుంటూ. అప్పుడు గుర్తొచ్చింది. లైవ్ అని పేరే గానీ, అది ఎప్పుడూ అర నిమిషం పాతది. ఇక్కడ చూస్తున్నది... అక్కడ ఎప్పుడో జరిగిపోయింది. పెన్సిలు చప్పుడు ఆగి కూడా అంతసేపయ్యింది.

ట్యాబ్ విసిరేసి పరిగెత్తింది.

పిట్ట గదిలోనే ఉంది. చాప మీద నిలబడి ఉంది. కుడిచెయ్యి పైకెత్తి ఉంది, వేళ్ళు ఏదో పట్టుకున్నట్టు ముడుచుకుని ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి. రెప్ప పడడం లేదు. ఊపిరి... ఊపిరి ఉందో లేదో.

"పిట్టా... పిట్టా!"

ఏడాదిగా చింపలేకపోయిన స్టిక్కరుని గోళ్ళతో పీకి పారేసింది. సిమ్ముని బయటికి లాగేసింది.

పిట్ట చెయ్యి దిగింది. తల్లి వైపు చూసింది. "అమ్మా, నాన్న నన్ను..."

ఆగింది. పెదాలు సగం తెరుచుకునే ఉన్నాయి. ఆమె కళ్ళెదురుగా పిల్ల ముఖం కదలకుండా ఉండిపోయింది. తర్వాత, ఏమీ జరగనట్టే, "...ఆకలేస్తోంది" అంది.

అప్పటి నుంచి అంతే. నడుస్తూ ఆగుతుంది. నీళ్ళు తాగుతూ ఆగుతుంది, గ్లాసులోంచి నీళ్ళు గౌను మీద కారుతుంటాయి. మాట సగంలో ఆగి, మళ్ళీ మొదలయ్యేసరికి ఆ మధ్య మాట ఉండదు. ఆగినప్పుడల్లా కుడిచెయ్యి కొంచెం పైకి లేస్తుంది. బడిలో పాట మధ్యలో ఆగిపోతే పిల్లలు నవ్వారని టీచరు చెప్పింది. డాక్టరు తలకి వైర్లు పెట్టి చూశాడు, రక్తం తీసి చూశాడు. "అంతా బాగానే ఉందమ్మా. పరధ్యానం. బెంగ పెట్టుకుంది" అన్నాడు.

డాక్టరుకి తెలియలేదు గానీ ఆమెకి తెలిసిపోయింది. తెలియకపోవడానికి ఏముంది, అది ఆమె వృత్తే. వెళుతున్న బొమ్మలోంచి ఒక సిమ్ము లాగేస్తే, అందులో వెళ్ళిన ముక్కలు ఇక రావు. మిగిలిన ముక్కలతో బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది. పిట్ట నాలుగు దారుల్లో వెళుతుండగా తను ఒక దారి మూసేసింది. పిల్లలో కొంత అక్కడే ఉండిపోయింది. ఆయన దగ్గర. ఆ నీళ్ళలో.

రోజురోజుకీ ఆగడం ఎక్కువైంది. ఒక పొద్దున్న పిట్ట పళ్ళు తోముకుంటూ ఆగి, తల్లి కాఫీ కలిపి తాగి వచ్చినా అలాగే ఉంది.

"మళ్ళీ పెట్టాలి అత్తయ్యా" అంది ఆమె. "ఆయన్ని అడిగి పిల్లని తెచ్చుకోవాలి."

అత్తగారు ఈసారి వద్దనలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని లేచింది. "నన్ను కూర్చోబెట్టు. నేనడుగుతా. నా మాట కాదనడు."

"మీ మాట ఎప్పుడు విన్నారని?"

ఆ మాటకి ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ఏడ్చారు. చివరికి కోడలే కూర్చోవాలని తేలింది. అత్తగారు పిట్టని పక్కలో పడుకోబెట్టుకుని పడగ్గదిలో ట్యాబ్ చూస్తుంది. కనిపించింది కనిపించినట్టు తలుపు సందులోంచి చెబుతుంది.

సిమ్ము మళ్ళీ పెట్టింది. పెట్టిన మరుక్షణం మొదటి లైటు వెలిగింది, దానికోసమే కాచుకుని ఉన్నట్టు. ఆమె చాప మీద, పిట్ట కూర్చున్న చోటే కూర్చుంది.

"ఏవండీ..." అంది మెల్లగా. గాలితో మాట్లాడడం సిగ్గుగా కూడా ఉంది. "నేనండీ."

బయట ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు. అది అందుకుని వెళ్ళిపోయింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

చాలాసేపటికి తలుపు అవతల నుంచి గుసగుస. "వచ్చాడమ్మా."

"ఎక్కడ?"

"గుమ్మంలో... కాళ్ళు తుడుచుకుంటున్నాడు."

అది అర నిమిషం కిందటి మాట. మరి ఇప్పుడు ఎక్కడున్నాడు? ఆమె వెన్ను మీద తడిగా, చల్లగా ఏదో తగిలినట్టయింది. తిరగలేదు. తిరిగినా కనిపించడని తెలుసు.

"పిల్ల కూడా ఉందమ్మా..." అంది అత్తగారు. "వాడి చెయ్యి పట్టుకుని ఉంది. తడిసి ముద్దయిపోయింది నా తల్లి..."

"పంపించండి దాన్ని" అంది ఆమె. "దానికి నీళ్ళంటే భయమండీ. తలంటు అంటేనే ఇల్లు పీకి పందిరేస్తుంది, మీకు తెలీదూ? ఇంకా పాలపళ్ళు కూడా ఊడలేదు. ఒక్కరే ఉండలేకపోతున్నారు, అంతేగా? నాకు తెలుసు. నేనూ ఉండలేకపోతున్నా." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ రోజు నేనూ మీతో రావాల్సింది. ఇప్పుడొస్తా. నన్ను తీసుకోండి. పిల్లని మాత్రం వదిలెయ్యండి..."

టీవీ బల్ల మీద పెట్టెలో ఒక లైటు ఎర్రబడింది. 'పిట్ట'. తర్వాత 'నాన్నమ్మ'. తర్వాత 'అమ్మ'.

మొదటిదొక్కటే పచ్చగా మిగిలింది.

ఒళ్ళో బరువు పడింది. చల్లటి బరువు. ఆరేళ్ళ పిల్ల అంత. తడి బట్టలోంచి నీళ్ళు కారి ఆమె తొడల్లోకి దిగుతున్నాయి... చూస్తే చీర పొడిగానే ఉంది. కావలించుకోబోయింది. చేతులకేమీ తగల్లేదు. బరువు మెల్లగా తేలికైపోతోంది...

పడగ్గదిలోంచి పిట్ట గొంతు ఖంగుమంది.

"నాన్నమ్మా నాకు మామూలు పాలొద్దు చాక్లెట్ పాలే కావాలి మామూలువి ఇస్తే నేను అసలు తాగనంటే తాగను చెప్తున్నా!"

ఒక్క గుక్కలో. ఎక్కడా ఆగకుండా.

ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది. ఆ సంతోషంలో కాసేపు అలాగే కూర్చుండిపోయింది. అదే తప్పయింది.

"తియ్యమ్మా!" తలుపు అవతల అత్తగారు అరుస్తోంది. "సిమ్ము తియ్యి! నీ భుజం మీద చెయ్యేశాడు... నిన్ను లేపుతున్నాడు..."

ఎప్పటి మాట అది? ఆమె పెట్టె మీద పడి సిమ్ము లాగేసింది. మిగతా మూడు లైట్లూ ఒక్కసారి పచ్చబడ్డాయి.

ఆ సాయంత్రమే సిమ్ముని కత్తెరతో ముక్కలు చేసి మురిక్కాలవలో కలిపేశారు. పిట్ట రెండు గ్లాసుల చాక్లెట్ పాలు తాగి, నాన్నమ్మని ఆటల్లో ఓడించి, అలిసి నిద్రపోయింది. మర్నాడు బడిలో పాట మొత్తం పాడింది. తర్వాత రోజు కూడా. ఇంట్లో చాలాకాలానికి నవ్వులు వినిపించాయి. పోయినాయన గురించి కూడా నవ్వుతూ మాట్లాడుకోగలిగారు.

ఓ రోజు పాలు పొంగి స్టవ్ అంతా మాడిపోయింది. ఆమె ఎదురుగానే నిలబడి ఉంది.

"అమ్మా" పిట్ట గౌను అంచు నలుపుతూ అంది, "నువ్వు ఆగిపోయావు."

"పరధ్యానం లేవే."

"కాదు. ఆగిపోయావు."

అత్తగారు గుడ్డ తెచ్చి స్టవ్ తుడిచింది. కోడలి ముఖంలోకి చూడలేదు. రాత్రి పడుకోబోయే ముందు వచ్చి తల నిమిరి వెళ్ళిపోయింది.

ఆగినప్పుడు ఎలా ఉంటుందో ఆమె ఎవరికీ చెప్పలేదు. నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది. నాచు వాసన. పక్కన తెలిసిన భుజం. తడిగా ఉంటుంది గానీ చల్లగా అనిపించదు. తిరిగొచ్చాక గుండెలు అవిసేలా ఏడవాలనిపిస్తుంది, అక్కణ్ణుంచి వచ్చేసినందుకు. భయం మాత్రం వేయదు. అదే ఆమెకి భయం. ఎందుకంటే పిట్టకి తను కావాలి, మొత్తంగా కావాలి.

పని మానలేదు. మానితే గడవదు. నిన్న ఒక చిన్న ఆఫీసువాళ్ళ సభ, పగటి పూట. బాగానే జరిగింది. జనం వెళ్ళిపోయారు, ఊడ్చేవాళ్ళు కుర్చీలు మడుస్తున్నారు. నేల మీద వైర్లన్నీ ఎక్కడివక్కడ పరుచుకుని ఉన్నాయి. చుడదామని వంగింది.

నీళ్ళ చప్పుడు... భుజం...

తల ఎత్తేసరికి హాలు ఖాళీ. ఊడ్చేవాళ్ళు కూడా వెళ్ళిపోయారు. వైర్లన్నీ చుట్టి, వరసగా పెట్టి ఉన్నాయి. చేత్తో పట్టుకుని చూసింది. అన్నీ ఎదురు దిక్కునే చుట్టి ఉన్నాయి.

"మళ్ళీ మెలికలేనా?" అంది. నవ్వబోయింది గానీ కన్నీళ్ళొచ్చాయి. "ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు?" ఒక్కొక్క చుట్టనీ తడిమి, గుండెకి హత్తుకుని సంచిలో పెట్టుకుంది.

చివర్లో మైకు వైరు మిగిలింది. సన్నటిది. అదీ ఎదురు దిక్కునే చుట్టి ఉంది. కానీ చుట్ట చిన్నది. పెద్దవాళ్ళ మోచేతికి చుట్టింది కాదు. చిన్న చేతికి, వదులు వదులుగా, చుట్టడం రానివాళ్ళు నేర్చుకుంటూ చుట్టినట్టు ఉంది. తడిగా ఉంది.

వెంటనే ఇంటికి ఫోన్ చేసింది.

"ఇక్కడే ఉందమ్మా" అంది అత్తగారు. "బొమ్మలేసుకుంటోంది. చక్కగా పాట పాడుకుంటోంది, విను" అని ఫోన్ పిల్ల దగ్గరగా పెట్టింది.

పాట వినిపించింది. బడిలో నేర్చుకున్న పాటే. ఆమె ఊపిరి పీల్చుకుంది, కళ్ళు మూసుకుని వింది. రెండో చరణంలో, మాట మధ్యలో, పాట ఆగింది.

ఫోన్ చెవి నుంచి తీసి చూసింది. సిగ్నల్ నిండుగా ఉంది. అవతల గడియారం టిక్కుటిక్కుమనడం కూడా వినిపిస్తోంది. మళ్ళీ చెవికి ఆనించుకుని, ఆ ఖాళీ హాల్లో, చిన్న చుట్టని పిడికిట్లో పట్టుకుని, తర్వాతి మాట కోసం ఎదురుచూస్తూ నిలబడింది.